ఎండిన రూపం చూడకుండా పేరు పెట్టకండి

టీచర్ గారూ, మీ ప్రశ్న చదివాను. ఐదు ఫోటోలు పెట్టారు. ఇంటి ప్రహరీ గోడ మీద పచ్చటి మెత్త, గువ్వలచెరువు కనుమలో బండకు అంటుకున్న నల్లటి పీలికలు, సిద్ధవటం వైపు పాత దిగుడుబావిలో మెట్ల సందులు, వేరుశనగ చేలో మట్టిని కరుచుకున్న చిన్న చక్రాలు, మామిడి మాను మీద గోధుమరంగు పొర. ఫోన్ యాప్ ఒకదాన్ని మాస్ అంది, ఒకదాన్ని లైకెన్ (శిలీంధ్రం, శైవలం కలిసి బతికే పొర) అంది, మిగతా వాటికి చలిదేశాల మొక్కల పేర్లు చెప్పింది. హైస్కూలు పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్ళేలోపు, మాస్ ఏదో లివర్‌వర్ట్ ఏదో (రెండూ పూలు పూయని, పాచిలా పరుచుకునే చిన్న మొక్కలే) అక్కడికక్కడే తేల్చుకోవడం ఎలా అని అడిగారు.

నేను కడపలో డిగ్రీ పిల్లలకు వృక్షశాస్త్రం చెప్పినవాణ్ణి. పాలకొండలు, లంకమల, గండి చుట్టుపక్కల వీటి కోసమే చాలా ఏళ్ళు తిరిగాను. ముందు ఒక మాట చెప్పాలి. మన పుస్తకాల్లో బొమ్మలన్నీ తడిసి విప్పారిన మొక్కలవి. మన దేశంలో ఈ చదువుకు పునాది వేసిన శివరామ్ కశ్యప్ (1882–1934) లాహోర్‌లో ఉంటూ పశ్చిమ హిమాలయాల్లోనూ పంజాబ్ మైదానంలోనూ తిరిగి లివర్‌వర్ట్‌లను వర్ణించారు. తర్వాత పాఠాలు రాసినవాళ్ళు కూడా చల్లటి కొండల మొక్కల్నే ఎక్కువగా ఉదాహరణలకు తీసుకున్నారు. మన సీమ సంగతి వేరు. అనంతపురంలో ఏడాది మొత్తానికి పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. కడపలో అంతకంటే కొంచెం మెరుగు, అంతే. ఇక్కడి మొక్క ఏడాదిలో ఎక్కువ నెలలు ముడుచుకుని, నల్లబడి, చచ్చినట్టు పడి ఉంటుంది. పుస్తకంలో పచ్చటి బొమ్మ పెట్టుకుని ఎండాకాలంలో కొండెక్కితే ఒక్కటీ కనబడదు. అందుకే ఒక్కో మొక్కనూ రెండుసార్లు చూడమంటాను, ఎండినప్పుడు ఒకసారి, తడిపాక ఒకసారి. అది ఎలా ముడుచుకుంది, ఎంతసేపటికి విప్పుకుంది, విప్పుకున్నాక ఏ ఆకారానికి వచ్చింది అనేవే ఇక్కడ పెద్ద గుర్తులు. వీటిలో మొదటి రెండూ ఫోటోలో పడవు. యాప్ తడబడింది అందుకే.

కనుమలోని మీ నల్లటి పీలికలతో మొదలుపెడతాను. ఐదింటిలో నాకు ఎక్కువ సంతోషం కలిగించిన ఫోటో అది. నేను కూడా చాలా కాలం వాటిని ఎండిన లైకెన్ అనుకుని దాటిపోయాను. ఒక వేసవిలో చిటికెడు తెచ్చి కిటికీ దగ్గర సాసర్ నీళ్ళలో వేశాను. టీ తాగి వచ్చి చూస్తే నల్లటి పీలికలు వెడల్పయి, పైన ఆకుపచ్చగా, అంచుల్లో ఊదాగా పరుచుకుని ఉన్నాయి. అది ప్లేజియోకాస్మా, లివర్‌వర్ట్. దానికి కాండం, ఆకులు అని వేరుగా ఉండవు. దేహమంతా చిన్న రిబ్బను ముక్కలా ఉంటుంది, దాన్నే థాలస్ అంటాం. కింది వైపున ముదురు ఊదా పొలుసులు రెండు వరుసల్లో ఉంటాయి. నీరు తగ్గేకొద్దీ రెండు అంచులూ పైకి లేచి లోపలికి చుట్టుకుంటాయి. పచ్చటి భాగం లోపల దాక్కుంటుంది, ఊదా పొలుసుల వైపు బయటికి తిరిగి ఎండకు అడ్డుగా నిలుస్తుంది. మీ ఫోటోలో కనిపిస్తున్న నలుపు మొక్క పైభాగం కాదు, దాని అడుగు. అందుకే యాప్ దాన్ని లైకెన్ అంది.

తడిపి విప్పారాక ప్లేజియోకాస్మాను ఖాయం చేసుకోవడానికి ఒక గుర్తుంది. రిబ్బను మీద చిన్న కాడ, దాని తల మీద గుండీలాంటి భాగం లేస్తాయి. ఆ కాడ ఎక్కడి నుంచి లేచిందో చూడండి. ప్లేజియోకాస్మాలో రిబ్బను వీపు మీద, నడిమి గీత వెంబడి లేస్తుంది. దాని దగ్గరి బంధువు ఆస్టెరెల్లాలో కొమ్మ కొస నుంచి లేస్తుంది. టార్జియోనియా అయితే కాడే ఉండదు, రిబ్బను కొసన అడుగువైపు నల్లగా మెరిసే రెండు డిప్పలు మూసుకుని ఉంటాయి, చిన్న ఆల్చిప్పలా. ఈ మూడింటినీ వేరు చేయడానికి సూక్ష్మదర్శిని అక్కర్లేదు. మొక్కను వెల్లకిలా తిప్పి చూసే ఓపిక ఉంటే చాలు. ప్లేజియోకాస్మా అని గట్టిగా అనుకుంటున్నాను గానీ, మీ ఫోటోలో కాడ లేదు కాబట్టి సంతకం పెట్టను. వానల తర్వాత అదే బండ దగ్గరికి వెళ్ళి చూడండి.

పిల్లలు మొదట అడిగేది మార్కాన్షియా ఎక్కడుంది అని. పాఠంలో బొమ్మ దానిదే కాబట్టి అడుగుతారు. వీపు మీద గిన్నెల్లాంటి జెమ్మా కప్పులు (కొత్త మొక్కలయ్యే చిన్న ముక్కలు వాటిలో ఉంటాయి), గొడుగుల్లాంటి కాడలు, ముచ్చటైన మొక్క. కానీ దానికి తడి ఆరని చోటు కావాలి. మన పొడి బండల మీద దాన్ని వెతికి పిల్లల్ని నిరాశపరచకండి. ప్లేజియోకాస్మానే చూపించండి, ఎండను తట్టుకోవడం అంటే ఏమిటో మార్కాన్షియా కంటే అదే బాగా చెబుతుంది.

ఇప్పుడు అసలు విభజనకు వస్తాను. మనకు పాచి, నాచు అనే రెండు మాటలే ఉన్నాయి. చెరువులోని శైవలం, గోడ మీది మాస్, బావిలోని లివర్‌వర్ట్ అన్నీ వాటిలోనే కలిసిపోతాయి. ప్రపంచంలో మాస్‌లు సుమారు 12,000 రకాలు, లివర్‌వర్ట్‌లు 7,000 దాకా, కొమ్ముల్లాంటి కాయలు లేచే హార్న్‌వర్ట్‌లు ఓ 200. మొక్క రిబ్బనులా చదునుగా ఉంటే అది మాస్ కాదు. లివర్‌వర్ట్ అయినా కావాలి, హార్న్‌వర్ట్ అయినా కావాలి. ఇంతవరకు సులువే. చిక్కంతా ఆకులున్న వాటితో వస్తుంది, ఎందుకంటే లివర్‌వర్ట్‌లలో ఎక్కువ రకాలు ఆకులున్నవే. ఆకుల మాస్‌లో సాధారణంగా ఆకులు కాండం చుట్టూ అన్ని వైపులా ఉంటాయి, కొసలు సూదిగా ఉంటాయి, నడుమ ఒక ఈనె పోతుంది. ఆకుల లివర్‌వర్ట్‌లో రెండు వరుసలు పక్కలకు చదునుగా పరుచుకుంటాయి, అడుగున ఇంకో వరుస చిన్న ఆకులు ఉండవచ్చు. ఈనె ఎప్పుడూ ఉండదు. చాలాసార్లు ఆకు చీలి ఉంటుంది, లేదా మడత పడి ఉంటుంది.

కాయ కాసి ఉంటే పని ఇంకా తేలిక. మాస్ కాయ, అంటే గుళిక, సన్నటి గట్టి కాడ మీద వారాల తరబడి నిలబడుతుంది. దానికి మూత ఉంటుంది, మూత ఊడితే చాలా రకాల్లో నోటి చుట్టూ సన్నటి పళ్ళ వరుస కనిపిస్తుంది. ఆకుల లివర్‌వర్ట్ కాడ నీళ్ళలా తెల్లగా, మెత్తగా ఉంటుంది, ముట్టుకుంటే వాలిపోతుంది. గుళిక నాలుగు రెక్కలుగా విచ్చుకుని సిద్ధబీజాల్ని (విత్తనాల బదులు ఉండే పొడిలాంటి రేణువుల్ని) వదిలేసి రెండు మూడు రోజుల్లోనే వాడిపోతుంది. కొండ మీద మీకు నిలబడి ఎండిన గోధుమరంగు కాడలు కనబడితే దూరం నుంచే మాస్ అనేయవచ్చు.

ఈనె గుర్తును మాత్రం గుడ్డిగా నమ్మకండి. మీ మామిడి మాను ఫోటోలో ఉన్న చిక్కు అదే. మామిడి బెరడు మీద పెరిగే ఎర్పోడియం అనే మాస్ ఉంది, దాని జాతి పేరులోనే మామిడి ఉంది, ఎర్పోడియం మాంజిఫెరే. దాని ఆకులకు ఈనె ఉండదు, బెరడుకు అతుక్కుని చదునుగా పాకుతుంది, చూసినవాళ్ళు లివర్‌వర్ట్ అనుకుంటారు. అదే బెరడు మీద ఉండగలిగే ఆకుల లివర్‌వర్ట్ ఫ్రుల్లానియా, ముదురు ఎరుపు కలిసిన గోధుమరంగులో ఉంటుంది. మీ ఫోటోలోని రంగు చూస్తే మనసు ఫ్రుల్లానియా వైపు పోతుంది. కానీ ఎండిన ఎర్పోడియం కూడా రంగు మారుతుంది, కాబట్టి రంగుతో తేల్చకూడదు. చివర్లో దీని గురించి మళ్ళీ చెబుతాను.

మీ ప్రహరీ గోడ కథ వేరే. ఆ గోడకు కప్పు నాపరాళ్ళతో వేశారని రాశారు. మన కడప బండ సున్నపురాయి. నమ్మకం లేకపోతే అంచును గీకి ఆ పొడి మీద నిమ్మరసం చుక్క వేయండి, సన్నగా నురుగు పొంగుతుంది. గువ్వలచెరువు కనుమలోని బండ క్వార్ట్‌జైట్, సున్నం లేని గట్టి రాయి, దాని మీద ఏమీ పొంగదు. ఈ తేడా మొక్కలకు బాగా తెలుసు. సున్నం ఉన్న చోట బతికేవి వేరు, లేని చోట బతికేవి వేరు. అందుకే దేని మీద పెరిగిందో రాసుకోకపోతే సగం గుర్తు పోయినట్టే. సున్నం గోడలు, సిమెంటు, నాపరాయి మీద మన ఊళ్ళలో మొట్టమొదట తలుచుకోవాల్సిన పేరు హయోఫిలా. ఎండినప్పుడు ఆకులు అంచులు లోపలికి చుట్టుకుని, పైకి ముడుచుకుని, మాసిన గోధుమరంగు ముళ్ళలా ఉంటుంది. నీళ్ళు చిలకరించి చూస్తూ ఉండండి. నిమిషం లోపే ఆకులు చెంచాల్లా వెడల్పై పచ్చటి నక్షత్రాల్లా విచ్చుకుంటాయి. పిల్లల్ని గోడ ముందు నిలబెట్టి వాళ్ళ చేతే నీళ్ళు చల్లించండి, ఇంక ఆ పేరు మరిచిపోరు. గుళిక నోటికి పళ్ళు ఉండకపోవడం ఇంకో గుర్తు.

అదే గోడ మీద, మిద్దె అంచుల్లో, వెండి రంగు కలిసిన చిన్న చిన్న దిండ్లు ఉంటే అది బ్రయమ్ అర్జెంటియమ్. దాని ఆకుల కొసల్లో పత్రహరితం ఉండదు, అందుకే తెల్లగా మెరుస్తుంది. ఆకులు కాండానికి గట్టిగా హత్తుకుని ఉండడంతో ఒక్కో కొమ్మ సన్నటి తెల్లదారంలా కనబడుతుంది. అంటార్కిటికాతో సహా అన్ని ఖండాల్లో ఉన్న మాస్ ఇది. ఎండినా తడిసినా దీని ఆకారం పెద్దగా మారదు. పక్కనే ఉన్న హయోఫిలా నుంచి దీన్ని వేరు చేయడానికి ఈ ఒక్క తేడా చాలు. మీ ఫోటోలో ఈ రెండూ కలిసి ఉన్నాయని నా అనుమానం.

వేరుశనగ చేలోవి రిక్సియా. వీటి విషయంలో నాకు సందేహం లేదు. రూపాయి బిళ్ళంత, ఒక్కోసారి అంతకంటే పెద్ద చక్రం, నడుమ నుంచి బయటికి పోతూ ప్రతి కొమ్మా రెండుగా చీలుతుంది, ప్రతి కొమ్మ మీదా నడిమిన గాడి ఉంటుంది. పైకి కాడ గానీ గొడుగు గానీ రాదు. దాని గుళికలు థాలస్ లోపలే కూరుకుని ఉంటాయి, ముదిరాక చర్మం కింద నల్లటి చుక్కల్లా కనిపిస్తాయి. మొక్క కుళ్ళిపోయాకే సిద్ధబీజాలు మట్టిలో కలుస్తాయి. లివర్‌వర్ట్‌ల గుళికల్లో ఇంత సాదా నిర్మాణం ఇంకొకటి లేదు. హస్త, చిత్త కార్తెల వానలకు చాళ్ళ మధ్య, చెరువు గట్టు లోపలి వైపున, నీరు తీసిన చిత్తడిలో వెతకండి. చలి ముదిరి మట్టి ఆరేసరికి చాలావరకు మాయమవుతాయి. రిక్సియాలో జాతులు వేరు చేయాలంటే సిద్ధబీజాల మీది గళ్ళను సూక్ష్మదర్శినిలో చూడాలి. చేలో నిలబడి జాతి పేరు చెప్పేవాణ్ణి నమ్మవద్దు.

అదే చేలో హార్న్‌వర్ట్ దొరకవచ్చు, చూడకుండా రాకండి. రిక్సియా పక్కనే ముదురుపచ్చగా, జిడ్డుగా మెరుస్తూ, అంచులు ముడతలు పడ్డ చిన్న ముద్దలుంటాయి. దాని నుంచి పచ్చటి కొమ్ము నిటారుగా లేస్తే ఆంథోసెరాస్ లాంటిది. కొమ్ములు పొట్టిగా, పక్కకు పడుకుని, సగం థాలస్‌లోనే దాగి ఉంటే నోటోథైలాస్. లెన్స్‌లో థాలస్ లోపల నీలి నలుపు చుక్కలు కనబడతాయి, అవి దానిలో కాపురం ఉండే నాస్టాక్ అనే నీలి ఆకుపచ్చ శైవలం. ఆ నాస్టాక్ వేరుగా, నేల మీద జిగురు ముద్దలా పెరగడం కూడా మామూలే. వానకు ఉబ్బి, ఎండకు నల్లటి పెచ్చుగా మారుతుంది. దాన్ని లివర్‌వర్ట్ అనుకోకండి. వేళ్ళ మధ్య నలిపితే జావలా జారిపోతుంది, పైనా కిందా అని తేడా ఉండదు.

బావి విషయం. సిద్ధవటం వైపు ఆ దిగుడుబావి మెట్ల సందుల్లో పచ్చటి చిన్న ఈకల్లా కనిపిస్తున్నవి ఫిసిడెన్స్, మాస్. ఆకులు రెండే వరుసల్లో, ఒకే తలంలో ఉంటాయి కాబట్టి లివర్‌వర్ట్ అని పొరబడేది ఎక్కువగా దీని దగ్గరే. లెన్స్ పెట్టి ఒక్క ఆకు అడుగుభాగం చూడండి. అక్కడ ఆకు రెండు పొరలుగా చీలి, చొక్కా జేబులా కాండాన్ని, పై ఆకు మొదలును పట్టుకుని ఉంటుంది. ఆ జేబు ఇంక ఏ మాస్‌కూ ఉండదు. ఈనె కూడా స్పష్టంగా ఉంటుంది.

ఇంకా లోపలికి, వెలుగు తగ్గిన చోట, ఫోటో మూలన లేత పసుపుపచ్చగా మెరుస్తున్న పొర ఉంది. మీరు దాని గురించి అడగలేదు. నాకైతే మొత్తం ఫోటోలో కళ్ళు అక్కడే ఆగాయి. అది సయాథోడియం అయి ఉండవచ్చు. చాలా పలచటి, వెలుగు అవతలికి కనిపించే లివర్‌వర్ట్. వానాకాలంలో గుహల నోళ్ళలో, తడి గోడల నీడలో పుడుతుంది. చీకట్లో అది వెలిగినట్టుంటుంది గానీ స్వయంగా వెలుగు పుట్టించదు. దాని కణాలు లోపలికి వచ్చిన కాస్త వెలుగునూ పోగుచేసి వెనక్కి పంపుతాయి, అందుకే ఒక కోణంలో బంగారంలా కనిపించి, తల పక్కకు జరిపితే ఆరిపోతుంది. ఈసారి వెళ్ళినప్పుడు టార్చి వేయకుండా, గుమ్మం వైపు వీపు పెట్టి చూడండి. అక్కడే హృదయాకారంలో, గోటికంటే చిన్నవిగా పలచటి పచ్చటి ముక్కలుంటే అవి ఫెర్న్ పిల్లలు, ప్రోథాలస్‌లు. గాడి ఉండదు, కొమ్మలు చీలవు, ఒకే ఒక నొక్కు ఉంటుంది. బావిలోకి పిల్లల్ని మాత్రం దింపకండి. ఆ మెట్లు పాచికి జారతాయి, సందుల్లో పాములుంటాయి. ఒక ముక్క మీరే పైకి తెచ్చి చూపించండి.

పొరబడేవి ఇంకో రెండు. కొండ బండల మీద ఎండకు పిడికిలిలా ముడుచుకుని వానకు విప్పుకునే సెలాజినెల్లాను కొందరు సంజీవని అంటారు. అది మాస్ కాదు, ఫెర్న్‌ల వైపు బంధువు. లాగితే తీగలాంటి గట్టి కాండం, నిజమైన వేళ్ళు వస్తాయి. గోడల మీద, చెట్ల మీద ఇటుక రంగు నూగులా కనిపించేది ట్రెంటిపోలియా, అది శైవలం.

లెన్స్ గురించి అడిగారు. పదింతలది చాలు. ప్రొద్దుటూరు బంగారు అంగళ్ళలో కంటికి పెట్టుకుని నగ చూస్తారే, అదే. చాలామంది దాన్ని మొక్క దగ్గర పట్టుకుని దూరం నుంచి చూస్తారు, ఏమీ కనబడదు. లెన్స్‌ను కంటికి ఆనించుకుని, మొక్కను చేత్తో రెండున్నర సెంటీమీటర్ల దగ్గరికి తెచ్చుకోవాలి, వెలుగు మొక్క మీద పడేలా తిరగాలి. బండ మీదున్నదైతే మోకాళ్ళ మీద వంగి ముఖమే బండ దగ్గరికి తీసుకెళ్ళాలి. దీంతోపాటు స్ప్రే సీసా, చిన్న చాకు, పాత కాగితాలు ఉంటే చాలు. ప్లాస్టిక్ సంచిలో వేయకండి, ఒక్క రాత్రికే బూజు పడుతుంది. కాగితాన్ని పొట్లంలా మడిచి, బొటనవేలి గోరంత ముక్క వేసి, నీడన ఆరబెట్టండి. పూల మొక్కల్లా అదిమిపెట్టక్కర్లేదు. ఏళ్ళ తర్వాత నీళ్ళలో వేసినా ఆకారం తిరిగొస్తుంది. పొట్లం మీద తేదీ, చోటు, రాయా మట్టా బెరడా, సున్నమా కాదా, నీడా ఎండా, నేల నుంచి ఎంత ఎత్తు అన్నీ ఆ క్షణమే రాయండి. ఇంటికి పోయి రాద్దామనుకుంటే మరిచిపోతారు.

లంకమల వైపు మాత్రం ఒక్క ముక్క కూడా కోయకండి. 1986లో కలివికోడి అనే అరుదైన పక్షి మళ్ళీ కనబడింది సిద్ధవటం పక్క అడవిలోనే, అదంతా అభయారణ్యం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అనుమతి లేకుండా ఏదీ తీయకూడదు. అక్కడ చూసి, నీళ్ళు చల్లి, ఫోటో తీసుకుని రండి. ఎక్కడైనా సరే బండను గీకి ఖాళీ చేయవద్దని పిల్లలకు ముందే చెప్పండి. ఆ కనుమలోని పీలిక చిటికెన వేలంత కావడానికి ఎన్ని వానలు చూసిందో మనకు తెలియదు.

ప్రజాతి పేరు, అంటే రెండు మాటల పేరులో మొదటి మాట, దాకా వస్తే చేలో చేసిన పని బాగా చేసినట్టే. ఫిసిడెన్స్ ఏ జాతి, రిక్సియా ఏ జాతి అన్నది బల్ల మీద తేలాల్సిన సంగతి. మీ నోటుబుక్కులో ప్రజాతి పేరు రాసి పక్కన ప్రశ్న గుర్తు పెట్టుకోవడానికి ఏమాత్రం వెనుకాడకండి. పిల్లల నోటుబుక్కుల్లోనూ పెట్టించండి.

మామిడి మాను దగ్గర ఆపాను కదా. ఆ పొర నుంచి చిన్న ముక్క ఊడదీసి, తడిపి, వెల్లకిలా తిప్పి, అడుగువైపు లెన్స్‌లో ఫోటో తీసి పెట్టండి. ప్రతి ఆకు కింద బోర్లించిన చిన్న టోపీల్లాంటి తిత్తులు వరుసగా కనబడితే ఫ్రుల్లానియా, అవి అది నీరు దాచుకునే సంచులు. తిత్తులేమీ లేకుండా ఆకులు సాదాగా కొస సూదిగా ఉంటే ఎర్పోడియం. తోట రైల్వే కోడూరు వైపా, ఊరి దగ్గరేనా, మాను ఏ దిక్కున ఉన్న పొర అది, ఈ రెండూ కూడా రాయండి.